దుప్పి, తుపాకి, చట్టం: ఆదివాసీ చరిత్రలో నాటు తుపాకి

మన ఏజెన్సీ ప్రాంతాల వార్తల్లో 'నాటు తుపాకి స్వాధీనం' అనే మాట తరచూ కనిపిస్తుంది. ఫొటోలో ఒక పాత తుపాకి, దాని పక్కన తలవంచుకుని నిలబడ్డ మనవాళ్లు ఒకరో ఇద్దరో, వెనక వరసలో సిబ్బంది. వార్త నాలుగు వాక్యాల్లో ముగిసిపోతుంది. ఆ తుపాకి ఆ ఇంటికి ఎలా వచ్చింది, దాన్ని ఎవరు చేశారు, ఎందుకు చేశారు, ఒకప్పుడు తప్పు కానిది ఏ సంవత్సరం నుంచి తప్పయింది అన్న సంగతులు ఆ నాలుగు వాక్యాల్లో ఉండవు. మన పిల్లలు చదివే చరిత్ర పాఠాల్లోనూ ఉండవు. విల్లంబుల గురించి చాలామంది రాశారు. ఆదివాసీ బొమ్మ గీయమంటే ఎవరైనా ముందు విల్లే గీస్తారు. కొండల్లో రెండు మూడు వందల ఏళ్లుగా మన పక్కనే ఉన్న తుపాకి చరిత్ర మాత్రం పోలీసు కాగితాలకే మిగిలిపోయింది.

ఆ చరిత్రను మన వైపు నుంచి చూడాలని ఈ వ్యాసం రాస్తున్నాం. తుపాకిని పొగడడానికి కాదు. వేట మళ్లీ మొదలుపెట్టండని చెప్పడానికీ కాదు. దుప్పి ఎవరిది, దాన్ని కొట్టే హక్కు ఎవరిది, ఆయుధం ఎవరి చేతిలో ఉండాలి అన్న ప్రశ్నలకు వేర్వేరు కాలాల్లో ఎవరు ఏ జవాబు చెప్పారో తెలుసుకోవడానికి.

మూతిలోంచి మందు కూరే తుపాకి

మనం నాటు తుపాకి అనేదాన్ని కాగితాల మీద మజిల్ లోడర్ అంటారు. మజిల్ అంటే గొట్టం మూతి. ఛత్తీస్‌గఢ్ వైపు దీన్నే భర్‌మార్ అంటారు, అంటే నింపి కాల్చేది. ఈ తుపాకికి తూటా ఉండదు. మందు, గుళ్లు వేర్వేరుగా మూతిలోంచే పోయాలి. ముందు నల్లమందు పోస్తారు. దాని మీద గుడ్డపేలికో పీచో కూరుతారు. తర్వాత సీసపు గుండు వేసి, మళ్లీ పీచు పెట్టి, పొడుగాటి కడ్డీతో దట్టిస్తారు. గొట్టం వెనక చిన్న రంధ్రం ఉంటుంది. అక్కడ నిప్పు అంటితే లోపలి మందు భగ్గుమంటుంది, గుండు బయటికి దూసుకుపోతుంది. ఒకసారి కాల్చాక మళ్లీ మొదటి నుంచి అన్నీ చెయ్యాలి. కవాతు నేర్చిన సిపాయి కూడా నిమిషానికి మూడుసార్లకు మించి కాల్చలేకపోయేవాడు. అడవిలో వేటగాడికి దక్కేది ఒక్క దెబ్బే.

ఆ రంధ్రానికి నిప్పు అందించే పద్ధతిని బట్టి ఈ తుపాకులు మూడు రకాలు. మొదటిది వత్తి తుపాకి. రాజుకుంటూ ఉండే తాడు వత్తిని మీట వంచి రంధ్రం దగ్గరున్న మందుకు తాకిస్తారు. రెండోది చెకుముకి తుపాకి. గుర్రానికి బిగించిన చెకుముకి రాయి ఉక్కు రేకును గీరితే రవ్వలు రాలతాయి. మూడోది కేపు తుపాకి. రంధ్రం మీద చిన్న రాగి కేపు పెడతారు, గుర్రం దాని మీద కొడితే నిప్పు పుడుతుంది. కొడితే అంటుకునే మందుతో తుపాకి పేల్చే పద్ధతికి 1807లో స్కాట్లండ్ మతగురువు అలెగ్జాండర్ ఫోర్సిత్ పేటెంటు తీసుకున్నాడు. రాగి కేపు ఆ తర్వాత వచ్చింది.

వేటగాడి కళ్లతో చూస్తే ఈ మూడింటిలో దేని కష్టం దానిదే. వత్తి తుపాకి చేయడం తేలిక, కాని వత్తి కాలుతూ ఉండాలి. చీకట్లో దాని నిప్పు కనిపిస్తుంది, దాని వాసన గాలికి పోతుంది. దుప్పికి, కణుజుకు చూపుకన్నా ముక్కే పెద్ద కాపలా. గాలి మన వీపు వైపు నుంచి వీచిందంటే వేట అక్కడితో అయిపోయినట్టే. చెకుముకి తుపాకికి వత్తి అక్కర్లేదు గాని, తడి తగిలితే రవ్వలు రాలినా మందు అంటుకోదు. పైగా రవ్వ రాలడానికి, గుండు వెళ్లడానికి మధ్య కొద్దిపాటి ఆలస్యం ఉంటుంది. ఆ రెప్పపాటులో జంతువు పక్కకు దూకేస్తుంది. కేపు తుపాకి వానను కొంత తట్టుకుంటుంది, వెంటనే పేలుతుంది. కాని కేపు అడవిలో దొరికేది కాదు, ఊరి కమ్మరి కొలిమిలో తయారయ్యేదీ కాదు. కొనాలి. అంటే కేపు తుపాకి పట్టినవాడు అంగడికీ, ఆ అంగడి మీద అదుపున్న సర్కారుకూ కట్టుబడినట్టే. ఈ మాట గుర్తుంచుకోవాలి, మున్ముందు మళ్లీ వస్తుంది.

ఇక గురి సంగతి. గొట్టం లోపల మరచుట్టు గాడులు ఉన్న తుపాకిని రైఫిల్ అంటారు. ఆ గాడుల వల్ల గుండు తన చుట్టూ తాను తిరుగుతూ సూటిగా పోతుంది. మన నాటు తుపాకి గొట్టం లోపల నున్నగా ఉంటుంది. యాభై అడుగులు వేసే దూరం దాటితే గుండు ఎటు పోతుందో నమ్మలేం. అలాంటి తుపాకికి దూరాన్ని దగ్గర చేసి చూపించే అద్దాల గొట్టం, అంటే స్కోపు, బిగించినా లాభం లేదు. కన్ను చూడగలిగినంత దూరం గుండు పోలేదు. అందుకే నాటు తుపాకితో వేటాడేవాడు కూడా విల్లుతో వేటాడినవాడిలాగే జంతువుకు దగ్గరగా వెళ్లాల్సిందే. గాలి చూసుకోవాలి, ఎండుటాకు మీద అడుగు పడకుండా నడవాలి, నీటి గుంటకు పోయే జాడ తెలియాలి. తుపాకి వచ్చినా అడవి చదువు తప్పలేదు.

విల్లు కూడా పోలేదు. విల్లు చప్పుడు చెయ్యదు, వేసిన బాణం మళ్లీ దొరుకుతుంది, వెదురూ నారా అడవిలోనే ఉంటాయి. తుపాకి ఒక్కసారి పేలితే ఆ వాగు చుట్టుపక్కల ఆ రోజుకు ఇంకే జంతువూ నిలవదు. చాలా ఊళ్లలో తుపాకి పంట కాపలాకి, అడవిపందిని బెదిరించడానికి, పండుగ వేటకి పనికొచ్చింది. రోజువారీ చిన్న వేటకి విల్లూ ఉచ్చూ సాగాయి. చరిత్ర పుస్తకాల్లో ఒక ఆయుధం రాగానే ముందుదాన్ని తుడిచేసినట్టు రాస్తారు. మన ఊళ్లలో రెండూ ఒకే చూరు కింద వేలాడాయి.

తుపాకి ఎక్కడి నుంచి వచ్చింది

తుపాకి మన కొండల్లో పుట్టలేదు. 1526లో పానిపట్టు దగ్గర బాబరు సైన్యం ఫిరంగులు, వత్తి తుపాకులు వాడి గెలిచింది. దక్కనులోని సుల్తానుల సైన్యాలకూ, తీరంలో దిగిన పోర్చుగీసు వాళ్లకూ ఇవి తెలుసు. అక్కడి నుంచి జమీందార్లకు, వాళ్ల కింద కొండ దారులు కాసే దొరలకు, ముఠాదార్లకు చేరాయి. కొండవాళ్ల చేతికి తుపాకి ఎక్కువగా కాపలా పని ద్వారానే వచ్చిందని మనం అర్థం చేసుకోవచ్చు. ఘాటీ కాయడం, ముఠాలో శాంతి కాపాడడం ముఠాదారు బాధ్యత. ఆయుధం లేని కాపలా ఉండదు కదా.

ఆ కాలంలో తుపాకి మందుకు కావలసిన వాటికి మన దేశంలో కరువు లేదు. ముఖ్యమైన సురేకారాన్ని బీహారు నుంచి ఈస్టిండియా కంపెనీ ఓడల నిండా ఇంగ్లండుకు తీసుకుపోయేది. యూరపు యుద్ధాల్లో పేలిన మందులో మన నేల ఉప్పు ఉంది. బొగ్గు ఎలాగూ అడవిదే. గొట్టం చేయగల కమ్మరులు దేశమంతటా ఉండేవాళ్లు. నాగాలాండ్‌లో మోన్ జిల్లా కొన్యాక్ నాగాలు మూతి మందు తుపాకులు చేయడంలో పేరుపడ్డారు. నాటు అన్న మాటకు అర్థం ఇదే: సొంత ఊళ్లో, సొంత చేతులతో చేసుకున్నది. ఈ రోజు ఆ మాట నేరానికి గుర్తయింది గాని, మొదట అది పనితనానికి గుర్తు.

1857 నుంచి 1878 దాకా

1857 తిరుగుబాటు మాట వస్తే కొవ్వు పూసిన తూటాల కథ అందరూ చెప్తారు. ఆ కథలోని ఎన్‌ఫీల్డ్ రైఫిలు కూడా మూతిలోంచి మందు పోసే తుపాకే. మందూ గుండూ ఒక కాగితపు పొట్లంలో కట్టి ఇచ్చేవాళ్లు. సిపాయి ఆ పొట్లం కొస పంటితో కొరికి, మందు గొట్టంలో పోయాలి. ఆ కాగితానికి పూసింది ఆవు కొవ్వు, పంది కొవ్వు అన్న మాట పాకింది. మజిల్ లోడర్ ఎలా పనిచేస్తుందో తెలిస్తేగాని పంటితో కొరకడం ఎందుకో పిల్లలకు అర్థం కాదు. ఉపాధ్యాయులు ఈ పాఠం చెప్పేటప్పుడు ఇంతమాత్రం వివరిస్తే బాగుంటుంది.

ఆ తిరుగుబాటు అణిగాక ప్రజల చేతుల్లోంచి ఆయుధాలు తీసేయడం సర్కారు పనిగా పెట్టుకుంది. 1860లో నిరాయుధీకరణ చట్టం వచ్చింది. 1878లో వైస్రాయి లిట్టన్ కాలంలో ఆయుధాల చట్టం వచ్చింది. భారతీయుడు తుపాకి ఉంచుకోవాలంటే లైసెన్సు కావాలి, యూరోపియనుకు అక్కర్లేదు. అదే దశాబ్దాల్లో బ్రిటిషు సైన్యం మూతి తుపాకులు వదిలి, వెనక నుంచి తూటా పెట్టే తుపాకులకు మారిపోయింది. ఒక వైపు వాళ్ల తుపాకి మరింత వేగం పుంజుకుంది. ఇంకో వైపు మన పాత తుపాకి కూడా చట్టానికి ఎడంగా పోయింది.

ఒకే సంవత్సరం, ఒకే ప్రెసిడెన్సీ

1879ని మన యువత ప్రత్యేకంగా గుర్తుపెట్టుకోవాలి. ఆ ఏడాది మద్రాసు ప్రెసిడెన్సీలో రెండు సంగతులు జరిగాయి.

మొదటిది నీలగిరి కొండల్లో. ఊటీలో తెల్లదొరలు కణుజులనూ ఇతర జంతువులనూ సరదాగా వేటాడేవాళ్లు. జంతువులు తగ్గిపోతున్నాయని, తమ వేటకు మిగలవని వాళ్లకు భయం పట్టుకుంది. 1879లో నీలగిరి వేట జంతువులు, చేపల రక్షణ చట్టం తెచ్చారు. ఏ నెలల్లో వేటాడాలి, ఎవరు వేటాడాలి అని కాగితం మీద రాశారు. పేరుకు రక్షణే. ఎవరి కోసం అంటే, ముఖ్యంగా సరదా వేటగాడి కోసం.

రెండోది మన గోదావరి మన్యంలో. 1879 మార్చిలో రంప పితూరీ మొదలైంది. మన్సబ్దారు వేసిన చిగురు పన్ను, ఇంటి అవసరానికి కల్లు గీసుకోవడం మీద ఆంక్షలు, పోలీసుల వసూళ్లు, షావుకార్ల కోర్టు కేసులు, పోడు మీద పెరిగిన పన్ను అన్నీ కలిసి కొండను రాజేశాయి. కారం తమ్మన్న దొర, ద్వారబంధాల చంద్రయ్య, అంబుల్ రెడ్డి వంటివాళ్లు ముందు నడిచారు. చోడవరం, అడ్డతీగల ప్రాంతాల్లో మొదలైన పితూరీ గొలుగొండ కొండలకు, భద్రాచలం వైపు రేకపల్లికి పాకింది. దాన్ని అణచడానికి మద్రాసు సైన్యంలోంచి ఆరు పటాలాలు, వాటితో పాటు గుర్రపు దళం, హైదరాబాదు కంటింజెంటు బలగం కూడా దించాల్సి వచ్చింది. 1880లో చంద్రయ్య, తమ్మన్న దొర చనిపోయారు. చాలామందిని అండమాన్ పంపారు. సలివన్ విచారణ తర్వాత మన్సబ్దారును తొలగించారు.

ఒక కొండ మీద దొర సరదా వేటకు చట్టం రక్షణ ఇచ్చింది. ఇంకో కొండ మీద తన చెట్టు తాను గీసుకున్నవాడు, తన చెలక తాను నరుక్కున్నవాడు నేరస్తుడయ్యాడు. మూడేళ్లకు 1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చింది. రిజర్వు అడవి గీత గీశారు. గీత లోపల వేట, పోడు, మేపు అన్నీ అనుమతి మీదే. ఆ గీత లోపలే రాజులకు, అధికారులకు షికారు సాగింది. విజయనగరం మహారాజకుమార్ విజ్జీ 300కు పైగా పులులను కొట్టానని గొప్పగా చెప్పుకునేవాడు. నైజాంలో అమ్రాబాద్ అడవులు నిజాం వేటకు ఉండేవి. ఆ అడవిలోనే చెంచులు ఉన్నారు. దాన్ని షికారు అన్నారు. మనవాళ్లు అదే పని చేస్తే దొంగవేట అన్నారు. ఒకే పనికి రెండు పేర్లు పడ్డాయంటే, పేరు పెట్టే అధికారం ఎవరి దగ్గర ఉందో తెలుస్తుంది.

1922: తూటా నేర్పిన పాఠం

1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద అల్లూరి సీతారామరాజు, గాం గంటం దొర, గాం మల్లు దొర దళం దాడి చేసింది. మూడు స్టేషన్లలో కలిపి 26 తుపాకులు, 2,500కు పైగా తూటాలు దొరికాయి. సెప్టెంబరు 24న దామనపల్లి దగ్గర కవర్డ్, హైటర్ అనే ఇద్దరు అధికారులు చనిపోయారు.

పోలీసు స్టేషన్ల మీదికే ఎందుకు వెళ్లారు? ధైర్యం చూపడానికి మాత్రమే కాదు. మూతిలోంచి మందు పోసే తుపాకితో, వెనక నుంచి తూటా పెట్టే తుపాకి ముందు నిలబడలేమని తెలుసు. ఆ వేగం కావాలంటే ఆ తుపాకే కావాలి. అది ఉన్నది స్టేషన్లోనే. అయితే ఆ తుపాకికి ఒక గుణం ఉంది. దాని తూటా ఫ్యాక్టరీలో తయారవుతుంది. నాటు తుపాకికి మందు తక్కువైతే ఎలాగో కూడగట్టుకోవచ్చు, గుండుకు సీసం కరిగించుకోవచ్చు. పోలీసు తుపాకికి తూటా అయిపోతే అది కర్రతో సమానం. మళ్లీ తూటాలు కావాలంటే మళ్లీ దాడి చెయ్యాలి. సర్కారు కూడా ఈ సంగతి గ్రహించి మలబార్ స్పెషల్ పోలీసులను, తర్వాత అస్సాం రైఫిల్స్‌ను దించింది. కొండ ఊళ్లను ఒత్తిడి చేసి తిండి దారులు మూసింది. 1924 మే 7న కొయ్యూరు దగ్గర సీతారామరాజును కాల్చి చంపారు.

కేపు తుపాకి గురించి ముందు చెప్పిన మాట ఇక్కడ మళ్లీ వస్తుంది. ఆయుధం ఎంత కొత్తదైతే దాని తిండి అంత దూరం నుంచి రావాలి. దూరం నుంచి వచ్చే తిండిని ఎవరైనా ఆపగలరు.

దుప్పి తోలు, అప్పు, భూమి

ఇదే పాఠం సముద్రం అవతల ఇంకో ఆదివాసీలకు మనకన్నా ముందే ఎదురైంది. ఉత్తర అమెరికా ఆగ్నేయ ప్రాంతంలో క్రీకులు, చెరోకీలు ఉండేవాళ్లు. ఇంగ్లీషు వర్తకులు వాళ్లకు మూతి తుపాకులు, మందు, సీసం, బట్టలు, సారా ఇచ్చి బదులుగా దుప్పి తోళ్లు తీసుకున్నారు. 1699 నుంచి 1715 దాకా ఒక్క కరొలైనా నుంచే సగటున ఏడాదికి 54,000 తోళ్లు ఇంగ్లండుకు వెళ్లాయి. అంతకుముందు తిండికీ బట్టకూ కొట్టిన దుప్పిని ఇప్పుడు అప్పు తీర్చడానికి కొట్టాల్సి వచ్చింది. తుపాకి చెడితే బాగుచేసేవాడు వర్తకుడి మనిషే. మందు వర్తకుడిదే. దుప్పులు తగ్గాయి, అప్పులు పెరిగాయి. చివరికి 1773లో అగస్టా ఒప్పందంలో వర్తకుల అప్పుల కింద క్రీకులు, చెరోకీలు 20 లక్షల ఎకరాలకు పైగా భూమి వదులుకున్నారు.

షావుకారు అప్పు కింద భూములు పోయిన మన తాతల కథ తెలిసినవాళ్లకు ఇది కొత్తగా అనిపించదు. మనకు ఉప్పూ బట్టా, వాళ్లకు మందూ సీసం. దారి ఒక్కటే.

ఆ దేశంలోనే ఇంకో కథ కూడా ఉంది. ఉత్తరాన విస్కాన్సిన్ ప్రాంతపు ఒజిబ్వే ప్రజలు 1837, 1842 ఒప్పందాల్లో భూమి ఇచ్చారు గాని, ఆ భూమి మీద వేట, చేపలు పట్టడం, ఏరుకోవడం అనే హక్కులు తమకే ఉంచుకున్నారు. రాష్ట్ర సర్కారు చాలాకాలం ఆ హక్కును ఒప్పుకోలేదు. 1983లో ఫెడరల్ అప్పీలు కోర్టు ఆ హక్కులు బతికే ఉన్నాయని తీర్పు చెప్పింది. మరుసటి ఏడాది ఒజిబ్వే తెగలు కలిసి గ్రేట్ లేక్స్ ఇండియన్ ఫిష్ అండ్ వైల్డ్‌లైఫ్ కమిషన్ పెట్టుకున్నాయి. వాళ్లకు సొంత జీవశాస్త్రవేత్తలు, సొంత గార్డులు ఉన్నారు. ఒప్పందపు నేల మీద తమవాళ్లు ఎప్పుడు వేటాడాలి, ఎన్ని కొట్టాలి అన్న నియమాలు తెగలే రాసుకుంటాయి. హక్కు అంటే ఇష్టం వచ్చినట్టు కొట్టడం కాదని, లెక్క పెట్టే బాధ్యత కూడా తమదేనని వాళ్లు చూపించారు.

అదే అమెరికాలో ఈ రోజు లక్షలమంది సరదా వేటగాళ్లు దుప్పి వేటకు మూతి మందు తుపాకి కొంటారు. పెన్సిల్వేనియాలో 1974లో చెకుముకి తుపాకికి ప్రత్యేక వేట కాలం పెట్టారు. పాత పద్ధతిలో, కష్టపడి, దగ్గరికి వెళ్లి వేటాడాలని దాని ఉద్దేశం. 1985లో టోనీ నైట్ అనే ఆయన కొత్త తరహా మజిల్ లోడర్ తయారు చేశాడు. అది పేరుకే పాతది, చూపుకు, వాడకానికి కొత్త రైఫిలే. స్కోపు బిగిస్తే చాలా దూరం నుంచి కొట్టొచ్చు. దాంతో స్కోపు ఉండాలా వద్దా అని అక్కడ వాదన మొదలైంది. కొలరాడోలో మజిల్ లోడర్ కాలంలో స్కోపు నిషేధం. వాదన లోపలి సంగతి ఏమిటంటే, జంతువుకు తప్పించుకునే వీలు ఎంత ఉంచాలి అన్నది. మన పెద్దలు ఈ ప్రశ్నకు కాగితం మీద జవాబు రాయలేదు. తమ గోత్రపు జంతువును ముట్టకపోవడం, పండుగ వేటకు రోజులు కట్టుకోవడం, వేటను ఊరంతా పంచుకోవడం వాళ్ల జవాబు.

మినహాయింపు ఎవరికి

మన దేశంలో ఒక కొండజాతికి తుపాకి లైసెన్సు నుంచి మినహాయింపు ఉంది. కొడగు ప్రాంతపు కొడవలు. 1857 కాలంలో వాళ్లు ఆంగ్లేయులకు విధేయంగా ఉన్నారని 1861లో నిరాయుధీకరణ చట్టం నుంచి వాళ్లను తప్పించారు. ఆ మినహాయింపు స్వతంత్ర భారతంలోనూ సాగుతోంది. 2019లో కేంద్రం దాన్ని 2029 దాకా పొడిగించింది. కొడవల కైల్‌పోళ్ద్ పండుగలో ఇప్పటికీ ఆయుధాలకు పూజ జరుగుతుంది. వాళ్ల సంప్రదాయాన్ని మనం తప్పుపట్టడం లేదు. అయితే మన్యంలో పితూరీ మీద పితూరీ చేసిన జాతులకు ఆ మినహాయింపు రాలేదు. ఏ జాతి ఆయుధం సంస్కృతి, ఏ జాతి ఆయుధం నేరం అన్నది నూట అరవై ఏళ్ల కింద విధేయత లెక్కన తేలిపోయింది.

స్వాతంత్ర్యం వచ్చాక 1959లో కొత్త ఆయుధాల చట్టం వచ్చింది. దాని 13వ సెక్షనులో మజిల్ లోడర్ పేరు ప్రత్యేకంగా ఉంది. నిజంగా పంట కాపాడుకోవడానికి మూతి మందు తుపాకి అడిగేవాళ్లకు లైసెన్సు ఇవ్వాలని అక్కడ రాసి ఉంది. మన ఊళ్లలో ఈ సంగతి ఎంతమందికి తెలుసు? చట్టంలో తలుపు ఉంది. తలుపు దాకా వెళ్లే దారి, చదువు, కాగితం మనకు లేవు. లైసెన్సు లేని తుపాకికి శిక్ష మాత్రం ఇంటి దాకా వస్తుంది. 2019 సవరణ తర్వాత మామూలుగా అది రెండేళ్ల నుంచి ఐదేళ్ల జైలు. లైసెన్సు లేకుండా తుపాకి తయారు చేస్తే ఏడేళ్ల నుంచి యావజ్జీవం దాకా.

1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. మొదట్లో ఈ చట్టం కింద కూడా లైసెన్సు తీసుకుని కొన్ని జంతువులను వేటాడే వీలుండేది. 1991 సవరణతో అదీ పోయింది. ఈ చట్టంలో ఆదివాసీ వేట హక్కును ఒప్పుకున్న చోటు ఒకటే: నికోబార్ దీవుల షెడ్యూల్డ్ తెగలది. 2006 అటవీ హక్కుల చట్టం మన సంప్రదాయ హక్కులను చాలావరకు గుర్తించింది. గుర్తిస్తూనే వేటాడే, ఉచ్చు వేసే హక్కును మాత్రం స్పష్టంగా బయట పెట్టింది. అంటే ఈ రోజు దుప్పినో కణుజునో కొండగొర్రెనో కొడితే అది నేరం. చట్టంలో మొదటి షెడ్యూలు జంతువైతే మూడేళ్ల నుంచి ఏడేళ్ల జైలు.

ఇప్పుడు మనం ఏం చెయ్యాలి

ఇంత చరిత్ర చెప్పాక యువతకు సూటిగా కొన్ని మాటలు చెప్పాలి.

నాటు తుపాకి ఈ రోజు ప్రమాదం. అన్నిటికన్నా ముందు పట్టుకున్నవాడికే ప్రమాదం. మందు ఎక్కువైనా, ఒకసారి నింపింది మరిచి రెండోసారి నింపినా గొట్టం పగిలి మొహం మీదికి వస్తుంది. ఒకసారి నింపినదాన్ని ఖాళీ చేయడం కష్టం కాబట్టి నింపిన తుపాకినే ఇంట్లో మూల పెడతారు. ఆ మూలకే పిల్లలు వెళ్తారు. సీసం బదులు సైకిల్ బాల్స్, మేకుల ముక్కలు వేసి కాల్చితే జంతువు అక్కడికక్కడ చావదు. గాయంతో పారిపోయి ఎక్కడో కుళ్లి చస్తుంది. అది మన తాతల వేట కాదు. పందుల కోసం పెట్టే కరెంటు తీగలైతే తుపాకికన్నా ఘోరం. వాటికి పంది ఎవరో మనిషి ఎవరో తెలియదు.

అడవి కూడా తాతల నాటి అడవి కాదు. రోడ్డు, ఆనకట్ట, గని, తోట అడవిని కోసేశాయి. ఆ నష్టం నాటు తుపాకి చేసిందని ఎవరైనా అంటే మనం ఒప్పుకోనక్కర్లేదు. కాని మిగిలిన నాలుగు దుప్పుల మీద మన హక్కు చూపించుకోవడమూ న్యాయం కాదు. మేం అడగాల్సింది దుప్పిని కొట్టే హక్కు ముందు కాదు. అడవి గురించి నిర్ణయించే హక్కు ముందు. 2006 చట్టం సామూహిక అటవీ వనరులను కాపాడే, నిర్వహించే హక్కును గ్రామసభకు ఇచ్చింది. ఒజిబ్వేలు కోర్టులో గెలిచాక చేసిన పని, లెక్క పెట్టడం, నియమం రాయడం, కాపలా కాయడం. ఆ పని మన గ్రామసభలు ఇప్పుడే మొదలుపెట్టవచ్చు. ఏ గట్టున ఎన్ని దుప్పులు కనిపించాయి, ఏ చెలకలో పందులు ఎంత నష్టం చేశాయి అని రాసిపెట్టిన పుస్తకం ఒకటి గ్రామసభలో ఉంటే, పంట నష్టం అడిగేటప్పుడు, పంట కాపలాకి అనుమతి అడిగేటప్పుడు మన మాటకు బలం ఉంటుంది.

ఉపాధ్యాయ మిత్రులకు ఒక విన్నపం. ఊళ్లో పెద్దల దగ్గర వేట మాటలు ఇంకా ఉన్నాయి. జంతువు జాడలకు కోయలో, గోండిలో, కువిలో, ఆదివాసీ ఒడియాలో వేర్వేరు పేర్లున్నాయి. గాలి చూసే పద్ధతులు, పాళ్లు పంచే నియమాలు, భూమి పండుగ వేటలో ఒట్టి చేతులతో తిరిగొచ్చిన మగవాళ్లను ఆడవాళ్లు ఆటపట్టించే తీరు ఉన్నాయి. వీటిని పిల్లల చేత అడిగించి రాయించండి. తుపాకి గురించి అడిగేటప్పుడు మాత్రం జాగ్రత్త. ఎవరి ఇంట్లో ఉందని అడగొద్దు. ఎవరు చేసేవారు, ఎలా పంచుకునేవారు, ఏ సంవత్సరం నుంచి దాచుకోవడం మొదలైంది అని అడగండి. పేర్లు రాయొద్దు, కాలం రాయండి.

పాత తుపాకిని చూరులోంచి తీసి కాల్చనక్కర్లేదు. దాని కథ మాత్రం దాచొద్దు. అది మన చేతికి కాపలాకి వచ్చింది, పంటకు పనికొచ్చింది, పితూరీలో తోడుంది, చట్టం వచ్చాక నేరమైంది. ఈ వరస తెలిసిన పిల్లవాడు రేపు పేపర్లో ఆ నాలుగు వాక్యాల వార్త చూసినప్పుడు తలవంచుకోడు. తుపాకి పట్టుకుని అడవికీ పోడు. ఆ వార్తలో రాయనిది ఏమిటో అడుగుతాడు.